సింహానికి పట్టం కట్టబోయిన రాజు

వెలిచర్ల అని ఒక రాజ్యం ఉండేది. ఇప్పుడు ఏ పటంలో వెతికినా కనపడదు గానీ, ఆ రోజుల్లో దానికో కోట, కోటకో నగారా, నగారా మోగితే లేచి నిలబడే జనం, అన్నీ ఉండేవి. దాన్ని ఏలిన రాజు పేరు రణసింహ భూపతి. మనిషి చెడ్డవాడు కాదు. పొగడ్త మాత్రం ఆయనకు మజ్జిగలో ఉప్పులాంటిది. అది పడందే ఏ సంగతీ గొంతు దిగేది కాదు.

ఆ కొలువులో బొల్లన అని ఒక విదూషకుడు ఉండేవాడు. విదూషకుడంటే రాజును నవ్వించేవాడు, నవ్విస్తూ నవ్విస్తూ నిజం చెప్పేవాడు. బొల్లన రాజుగారి ఈడువాడే. ఇద్దరూ పాత రాజధాని రేవూరులో పుట్టి పెరిగినవాళ్ళు.

రాజుగారికి పట్టం కట్టిన కొత్తల్లో, ఒక వానాకాలం, రేవూరు పక్కనున్న ఏరు దారి మార్చుకుంది. ఏరు దారి మార్చుకోవడమేమిటంటారా? నీళ్ళు ఒక ఒడ్డును కోసుకుంటూ కోసుకుంటూ పోయి, కొత్త పల్లం దొరకగానే అటు తిరిగిపోతాయి. పాత ఒడ్డున ఇసుక మిగులుతుంది. రేవూరు బావులు ఎండిపోయాయి. రాజు దూరంగా కొత్త కోట కట్టుకున్నాడు. జనం మూటలు నెత్తిన పెట్టుకుని, ఏరు వెళ్ళిన వైపే వెళ్ళి, ఇప్పలపాడు అని ఊరు వేసుకున్నారు. బొల్లన అక్క మంగమ్మ కాపురం ఆ ఊళ్ళోనే.

ఇలా ఉండగా ఒకనాడు రాజుగారికి పెద్ద దిగులు పట్టుకుంది.

"నా తరవాత నా కొడుకు ఏలుతాడు. వాడి తరవాత వాడి కొడుకు. బాగానే ఉంది. పోగా పోగా ఎప్పుడో ఒకనాటికి భూమ్మీద మనుషులే లేకుండా పోయారనుకోండి, అప్పుడు వెలిచర్లను ఏలేదెవరు?" అని నిండు కొలువులో అడిగాడు.

సేనాపతి ఏనుగు అన్నాడు. మంత్రి పెద్దపులి అన్నాడు. ఆస్థాన పండితుడు తిరువెంగళాచార్యులు మాత్రం చిన్నగా దగ్గి, అందరి వంకా జాలిగా చూశాడు.

"ప్రభువుల పేరులోనే జవాబు ఉండగా ఇంత చర్చ ఎందుకు? రణసింహ భూపతి తరవాత సింహం కాక మరేం ఏలుతుంది?"

రాజుగారి ముఖం వెలిగిపోయింది. "భేష్! అయితే మన కోటలో పెంచుతున్న సింహం కేసరికి ఇప్పుడే పట్టం కట్టేద్దాం. తరవాత కట్టడానికి మనుషులు ఉండరుగా!"

"పట్టం కడితే ఏలుకోవడానికి నేల కూడా కావాలి ప్రభూ," అన్నాడు ఆచార్యులు. "ఇప్పలపాడు ఉంది. ఒక పక్క అడవి, ఒక పక్క ఏరు. జనాన్ని లేపేస్తే సింహవనానికి దివ్యంగా సరిపోతుంది."

"లేపేయండి," అన్నాడు రాజు, తమలపాకులు పక్కకు జరపమన్నంత తేలిగ్గా.

బొల్లనకు ఆ పూట నోట హాస్యం రాలేదు. కొలువు ముగియగానే బండి కట్టుకుని ఇప్పలపాడు వెళ్ళాడు. అప్పటికే కబురు అందింది. మంగమ్మ ఇంటి ముందు బిందెలు, తట్టలు, చాపలు బయటపడి ఉన్నాయి.

"రావోయ్ కొలువు మనిషీ!" అంది మంగమ్మ. "ఎవరికో పట్టం కడుతున్నారట, బంధువులకు పిలుపుల్లేవా?"

"అక్కా, వేళాకోళం కాదు."

"నీ ఉద్యోగమే వేళాకోళం కదరా, నాకు మాత్రం పనికిరాదా?" అని, కాస్త ఆగి, గొంతు తగ్గించింది. "ఒరేయ్ తమ్ముడూ, ఒకసారి ఏరు తోలేసింది. పోనీలే, దానికి చెవులు లేవు, మొర పెట్టుకోలేం అనుకున్నాం. మీ రాజుకు ఉన్నాయిగా? నాకు ఇంకోసారి పొయ్యి పాతుకునే ఓపిక లేదురా."

బొల్లన అరుగు మీద కూర్చున్నాడు. అక్క గుమ్మం ముందు ఎవరో వడ్లు దంచుతున్నారు. చుట్టూ పిచ్చుకలు, రోకలి లేచినప్పుడల్లా ముందుకు, పడినప్పుడల్లా వెనక్కి. రేవూరులో తమ ఇంటి వసారాలోనూ అచ్చం ఇదే ఆట. అమ్మ దంచుతూ, "పక్కకు పోండే, ముక్కులు పోతాయి!" అని వాటిని కోప్పడుతూ ఉండేది. బొల్లన ఏడాదికోసారి ఎవరికీ చెప్పకుండా రేవూరు వెళ్ళి, ఆ వసారాలో కాసేపు కూర్చుని వచ్చేవాడు. అలా వెళ్ళినప్పుడు పాత కోటలోకి కూడా తొంగిచూసేవాడు.

పిచ్చుకల్ని చూస్తూనే లేచాడు. "మూటలు కట్టు గానీ, ముళ్ళు గట్టిగా వేయకక్కా," అని బండెక్కాడు.

మర్నాడు కొలువులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, కేసరికి పట్టం కట్టడం నాకూ సంతోషమే. అడుగుడప్పు ఎప్పుడో తెలిస్తే, నేనూ తలపాగా ఉతికించుకుంటాను."

కొలువంతా ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. రాజుగారి పట్టం తరవాత మళ్ళీ పట్టాభిషేకమే జరగలేదు కదా, అందరూ మరిచిపోయారు. ఆ వంశంలో ఒక ఆచారం ఉంది. ఎవరికి పట్టం కట్టాలన్నా, వాళ్ళను మూలగద్దె, అంటే ఆ వంశపు మొదటి సింహాసనం, దగ్గరకు తీసుకుపోయి డప్పు కొట్టించాలి. 'ఈ గద్దె మీద హక్కున్నవాళ్ళు ఎవరైనా ఉంటే రండి' అని అడగాలి. అదే అడుగుడప్పు. ఎవరొచ్చినా వాళ్ళ మాట వినందే పట్టం కట్టకూడదు. ఆ మూలగద్దెను కదిలించకూడదని ఇంకో కట్టుబాటు. అందుకే దాన్ని రేవూరు పాత కోటలోనే వదిలి వచ్చారు.

"అక్కడ మనుషులే లేరు, హక్కు అడిగేదెవరయ్యా?" అన్నాడు ఆచార్యులు.

"మనుషులు లేని రాజ్యం గురించే కదండీ మాట్లాడుకుంటున్నాం," అన్నాడు బొల్లన. "అలాంటిది ఒకటి దగ్గర్లోనే ఉండగా, వెళ్ళి చూస్తే పోలా?"

రాజు మీసం సర్దుకున్నాడు. "సరే, వెళ్దాం. కానీ బొల్లనా, ఇది నా పని ఆపడానికి వేసిన ఎత్తని తేలిందో, ఇప్పలపాడు వాళ్ళతో పాటు నీ మూట కూడా కట్టుకో."

"చిత్తం. నా మూట చిన్నదే ప్రభూ."

అలా పల్లకి, గొడుగు, డప్పులవాళ్ళు, వెనకాల బోనుబండిలో కేసరి, దానికి రోజూ మాంసం వేసే ఎర్రన్న, అందరూ రేవూరు చేరారు.

ఊరి వీధిలోకి రాగానే పల్లకి ఆగిపోయింది. దారి నిండా కంపచెట్లు. రాజు దిగి నడిచాడు. కాసేపటికి ఆయన నడక నెమ్మదించింది.

"ఇది గాజుల వీధి కదూ?"

"అవును ప్రభూ. ఆ మలుపులో పుణుగుల కొట్టు. తమరు పల్లకి ఆపించి, మీ నాయనమ్మగారికి చెప్పొద్దని బోయీల చేత ఒట్టు వేయించుకునేవారు."

రాజు నవ్వబోయి ఆపుకున్నాడు. పుణుగుల వాసన, గాజుల గలగల, నీళ్ళబిందెల వరస, ఏవీ లేవు. గోడలు చీల్చుకుని రావి మొక్కలు లేచాయి. ఎవరి వంటింట్లోనో వెలగచెట్టు పెరిగి కప్పు దాటి కాయలు కాసింది.

"ఇంత నిశ్శబ్దమేమిటి?" అన్నాడు రాజు. "పిచ్చుకలు కూడా లేవేం?"

"మనతోనే వచ్చేశాయి ప్రభూ. దంచేవాళ్ళు లేని ఊళ్ళో వాటికేం దొరుకుతుంది? ఎలుకలూ, వీధికుక్కలూ కూడా నాలుగు రోజులు చూసి మన వెనకే వచ్చాయి. మనల్ని నమ్ముకున్నవి మనం లేనిచోట ఉండలేవు."

రాజు చుట్టూ చూస్తూ ముందుకు నడిచాడు. ఆచార్యులు మాత్రం, "సింహం సంగతి వేరు," అన్నాడు.

కోట ముంగిట బోను తలుపు తీశారు. కేసరి దిగింది. గాలిలో వాసన చూసింది. అల్లంత దూరాన పొదలో ఏదో కదిలింది. అంతే, కేసరి గిరుక్కున తిరిగి బోనెక్కి, ఎర్రన్న వైపు చూస్తూ కూర్చుంది.

"ఏమైందిరా దానికి?" అన్నాడు రాజు.

ఎర్రన్న చేతులు నలుపుకున్నాడు. "అది తినే వేళయిందండయ్యా. నేను కోసి పెడితే గానీ తినదు. పిల్లప్పట్నించీ అలవాటు."

"ప్రయాణపు బడలిక," అన్నాడు ఆచార్యులు. "గద్దె ఉన్నది లోపల. పదండి."

కొలువుకూటం పైకప్పు సగం కూలింది. నడిమధ్య మూలగద్దె మాత్రం ఎర్రటి లక్కరంగుతో అలాగే నిలబడి ఉంది. దాన్ని చూడగానే రాజుగారి కళ్ళు చెమర్చాయి. చిన్నప్పుడు తాతగారి ఒళ్ళో కూర్చుని గద్దె చేతి మీద చెక్కిన చిలక ముక్కును నోట్లో పెట్టుకునేవాడు. చిలక ఇంకా ఉంది.

"కొట్టండి డప్పు!" అన్నాడు గొంతు సవరించుకుని.

డప్పు మోగింది. "ఈ గద్దె మీద హక్కున్నవాళ్ళు ఎవరైనా ఉంటే రండహో!"

చెప్పడం పూర్తికాలేదు. కప్పులోంచి గబ్బిలాలు నల్లటి తెరలా ఊడి పడ్డాయి. వంటశాలలోంచి అడవిపందులు పిల్లాజెల్లాతో సహా దూసుకొచ్చి సేనాపతి కాళ్ళ సందునుంచి పోయాయి. గోడల మీద కొండముచ్చులు బారులుతీరి కిచకిచమన్నాయి. ఒకటి దిగొచ్చి ఆచార్యుల తలపాగా లాక్కుని పైకెక్కి కూర్చుంది.

"నా పాగా! నా పాగా!"

"కొంచెం మర్యాదగా అడగండి ఆచార్యులవారూ," అన్నాడు బొల్లన. "హక్కుదారుల మాట వినాలని ఆచారం."

"చాలించు!" రాజుగారికి కోపం వచ్చింది. "ఇవా హక్కుదారులు? ఈ గద్దె మా తాత ముత్తాతలది. ఇది ఎవరిదో నేను చూపిస్తాను!"

గబగబా వెళ్ళి గద్దె మీద కూర్చున్నాడు.

చెదపురుగుల తీరు మీకు తెలుసుగా. చెక్కను లోపల్నించి తింటాయి. పై పొరను ముట్టుకోవు. చూసేవాళ్ళకు కొత్తదానిలాగే ఉంటుంది. గద్దె చప్పుడైనా చేయలేదు. మెత్తగా, పిండిలాగా కూలిపోయింది. రాజుగారు నేలమీద, మీసాల నిండా ఎర్రటి దుమ్ముతో, చేతిలో ఆ చిలకముక్కతో మిగిలారు.

బొల్లన వెళ్ళి ఆయన పక్కనే నేల మీద చతికిలబడ్డాడు.

"బొల్లనా," అన్నాడు రాజు. "మనుషులు లేని చోట ఏలేది చెదపురుగులా?"

"బలం చూస్తే అవే ప్రభూ. ఏనుగు కదిలించలేనిదాన్ని కూడా తినేస్తాయి. కానీ ఏలుబడి అంటారా, వాటికి ఆ సంగతే తెలియదు. మనం ఎక్కడానికి గద్దె చేశాం. వాటికి అది పూటకూడు. ఈ ఊళ్ళో ప్రాణులకు కొదవ లేదు, చూశారుగా. 'ప్రభూ' అని పిలిచే నోరు మాత్రం ఒక్కటీ లేదు. సింహం మృగరాజని చెప్పుకునేది మనమే గానీ, పందికి ఆ కబురు ఎవరు చెప్పారు?"

రాజు చేతిలోని చిలకను తిప్పి చూస్తున్నాడు. బొల్లన గొంతు తగ్గించాడు.

"రేవూరును ఏరు ఖాళీ చేసింది. దాన్ని మనం ఏమీ అనలేం. ఇప్పలపాడును తమరు ఖాళీ చేయిస్తే, నాలుగేళ్ళకు అదీ ఇలాగే ఉంటుంది. సింహానికి రాజ్యం ఎంత పెరుగుతుందో నాకు తెలియదు ప్రభూ. తమకు మాత్రం ఒక ఊరు తరుగుతుంది."

రాజు బొల్లన ముఖంలోకి చూశాడు. పైన కొండముచ్చు ఆచార్యుల పాగాను విప్పి మెడకు చుట్టుకుంటోంది. అది చూసి రాజుకు ముందు పెదవి వణికింది, తరవాత భుజాలు కదిలాయి, ఆపైన పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గు వస్తే బొల్లన వీపు నిమిరాడు.

"ఇదంతా నీకు ముందే తెలుసు కదరా!"

"తెలుసు ప్రభూ. చెబితే తమరు వినరనీ తెలుసు."

రాజు తన చేతి కంకణం తీసి బొల్లన చేతికి తొడిగాడు. "ఇప్పలపాడు జోలికి ఎవరూ పోరు. అసలా ఊరిని నీకే జాగీరుగా రాసిస్తాను."

"అమ్మో, వద్దు ప్రభూ! మా అక్క మీద నేను ఏలుబడి చేయడమా? చీపురు తిరగేస్తుంది."

తిరుగు దారిలో ఇప్పలపాడు తగిలింది. ఊరంతా మూటలతో దారి పక్కన నిలబడి ఉంది. ఎవరూ ఏడవడం లేదు. ఒకసారి ఏడ్చినవాళ్ళు కదా, రెండోసారి అలా చూస్తూ నిలబడ్డారు. రాజు పల్లకి దిగి, ఆ దుమ్ము మీసాలతోనే మంగమ్మ దగ్గరకు నడిచాడు.

"మూటలు విప్పండమ్మా. ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు."

మంగమ్మ తమ్ముడి వైపు చూసింది, మళ్ళీ రాజు వైపు చూసింది. "ఇంతకీ పట్టం ఎవరికి కట్టారు బాబూ?"

"అందరినీ అడిగానమ్మా," అన్నాడు రణసింహ భూపతి. "ఎవరూ ఒప్పుకోలేదు. నన్నే ఉండమన్నారు."

"ఉండమన్నారుగా, మరి నిలబడ్డారేం?" అంటూ మంగమ్మ మొదటి మూట ముడి విప్పి, అందులోంచి పీట తీసి వేసింది. "కూర్చోండి, అన్నం పెడతాను."