చూద్దాం వారి బిందెలు

అనగనగా అన్నానో లేదో, మీరు రాజుగారి కోసం వెతుకుతారని నాకు తెలుసు. ఈ కథలో రాజు లేడు. రాజులు పోయి, ఓట్లు వచ్చి, ఊరికి నీళ్లు మాత్రం ఇంకా రాని కాలంలో జరిగిన కథ ఇది.

పాలేటిపాడు అనే ఊళ్లో ఒక పెద్దింటివారు ఉండేవారు. తాతగారు సమితి ప్రెసిడెంటు. ఆయన కొడుకు కోదండపాణి మూడుసార్లు ఎమ్మెల్యే. తెల్లారితే చాలు, వాళ్ల వరండా నిండా అర్జీలు పట్టుకున్న జనం. ఒకరికి రోడ్డు కావాలి, ఒకరికి పింఛను కావాలి, ఇంకొకరికి కొళాయి కావాలి.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. వచ్చినవాళ్లతో ఎన్నడూ "కాదు" అనకూడదు. "ఔను" అని కూడా అనకూడదు. "చూద్దాం" అనాలి.

"కాదంటే ఓటు పోతుంది. ఔనంటే పని మన మెడకు చుట్టుకుంటుంది. అదే చూద్దాం అన్నామనుకోండి, వాడు ఆశగా ఇంటికెళ్తాడు, మనం హాయిగా కాఫీ తాగుతాం," అని తాతగారు మనవలిద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవాడు. పోనుపోను ఊళ్లో వాళ్ల ఇంటిపేరు మరుగున పడింది. అందరూ "చూద్దాం వారు" అనడం మొదలుపెట్టారు. పోస్టుమాన్ కూడా అంతే.

పెద్ద మనవడు చక్రపాణికి ఆ విద్య చక్కగా ఒంటబట్టింది. చిన్నవాడు మురహరికి మైకు చూస్తే చెమటలు పట్టేవి. ఒకసారి పొరుగూళ్లో ప్లాస్టిక్ గుళికలు మిషనులో కరిగి, అచ్చులోకి దిగి, గుక్కెడు నీళ్లు తాగేలోపు బిందె అయి బయటికి రావడం చూశాడు. ఆ సంబరంలో ఆ రోజు వాడికి అన్నం మాటే గుర్తు రాలేదు. పెద్దవాడయ్యాక తండ్రి ముందు నిలబడి, బిందెల ఫ్యాక్టరీ పెడతానన్నాడు.

"మనింట్లో పుట్టి బిందెలు అమ్ముకుంటావట్రా?" అన్నాడు కోదండపాణి.

"ఔను నాన్నగారూ."

"చూద్దాం," అన్నాడు తండ్రి. వద్దని అర్థం. మురహరి మాత్రం అర్థం కానట్టే ఊరుకుని, తల్లి పేరనున్న మెరకలో రేకుల షెడ్డు వేశాడు. రెండు మిషన్లు తెచ్చాడు. పక్క జిల్లా నుంచి మస్తాన్ అనే మెకానిక్‌ను పిలిపించాడు. మస్తాన్ మంచి పనివాడు. కానీ ఈ ఊరి మాటతీరు అతనికి తెలియదు.

ఒకరోజు పొద్దున్నే మస్తాన్ ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. "చినబాబూ, అచ్చు ఒక పక్క అరిగింది. బిందె అడుగు పల్చగా వస్తోంది. మిషను ఆపమంటారా?"

మురహరి ఏదో రాసుకుంటున్నాడు. తల ఎత్తలేదు. "చూద్దాం," అన్నాడు.

ఆ ఊరివాడైతే తల ఊపి వెళ్లి తన దారి తాను చూసుకునేవాడు. మస్తాన్ అలా కాదు. యజమాని వచ్చి చూస్తాడని నిజంగానే నమ్మాడు. చేతులు తుడుచుకుని గుమ్మం వైపు చూస్తూ సాయంత్రం దాకా నిలబడ్డాడు. మిషను నడుస్తూనే ఉంది. పల్చటి అడుగుల బిందెలు లారీ ఎక్కి సంతకు వెళ్లిపోయాయి.

ఎండాకాలం వచ్చింది. నాంచారమ్మ అనే ఆవిడ అడుగు ఊడిన బిందె తెచ్చి మురహరి బల్ల మీద పెట్టింది. ఆమె చీర సగం తడిసి ఉంది.

"మా వీధికి నాలుగు రోజులకోసారి ట్యాంకరు వస్తుంది బాబూ. కొట్లాడి పట్టుకున్నాను. గుమ్మం దాకా తెచ్చాను. అడుగు ఊడి నీళ్లన్నీ నేలపాలయ్యాయి. మంచి బిందె ఇస్తారా?"

మురహరికి నిజంగానే బాధ కలిగింది. ఇస్తానందామని నోరు తెరిచాడు. తీరా బయటికి వచ్చిన మాట, "చూద్దాం."

నాంచారమ్మ కోప్పడలేదు. నవ్వింది. "కొళాయి కోసం మా మామ తిరిగితే మీ తాతగారు చూద్దామన్నారు. మా మామ పోయాడు. నా మొగుడు తిరిగితే మీ నాన్నగారు చూద్దామన్నారు. ఇప్పుడు మీరు. మిషన్లు కొత్తవి తెచ్చారు గానీ బాబూ, అచ్చు మాత్రం పాతదే."

అని బిందె అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

మురహరి ఆ బిందె అడుగు తడిమి చూశాడు. మస్తాన్‌ను పిలిచి, "అచ్చు అరిగిందని తెలిసీ మిషను ఎందుకు ఆపలేదు?" అని అడిగాడు.

"మీరు చూద్దామన్నారు కదయ్యా. వస్తారని ఎదురుచూశాను," అన్నాడు మస్తాన్ అమాయకంగా.

సిగ్గుతో మురహరి మొహం కందిపోయింది. ఆ మాటను ఉన్నది ఉన్నట్టు నమ్మిన మనిషిని అతడు చూడటం అదే మొదటిసారి. వెంటనే మిషను ఆపించి, అచ్చు మార్పించాడు. మంచి బిందెలు బండికెత్తించుకుని తానే వీధి వీధీ తిరిగి, చెడ్డవి వెనక్కి తీసుకున్నాడు. నాంచారమ్మకు బిందెతో పాటు పని కూడా ఇచ్చాడు. తయారైన ప్రతి బిందెనూ నీళ్లు పోసి పరీక్షించే పని.

కానీ పుట్టుకతో వచ్చిన మాట ఊరికే పోతుందా? ఎంత బిగపట్టినా జారేది. అందుకని అతడు ఇంటి కట్టుబాటుకు ఇంకో కట్టుబాటు తగిలించాడు. చూద్దాం అని నోరు జారితే, ఆ క్షణమే లేచి వెళ్లి చూడాలి, ముందు అన్నం కంచం ఉన్నా సరే. నెల తిరక్కుండా చెప్పులు అరిగిపోయాయి. "చినబాబు చూద్దామన్నాడర్రా, దారి వదలండి!" అని పనివాళ్లు నవ్వుకునేవారు.

ఇంతలో ఎన్నికలొచ్చాయి. కోదండపాణి విశ్రాంతి తీసుకుని పెద్దకొడుకును నిలబెట్టాడు. ఒకనాడు తండ్రీ అన్నా కలిసి ఫ్యాక్టరీకి వచ్చారు. వెనకే ఒక లారీ.

"తమ్ముడూ, పది రోజుల్లో ఊరూరా బిందెలు పంచాలి, నా బొమ్మతో," అన్నాడు చక్రపాణి. "అన్ని గుళికలు దొరకవని నాకు తెలుసు. అందుకే తుక్కు తెచ్చాను. కరిగించి పోయించు. రంగు కలిపితే ఎవరికి తెలుస్తుంది?"

మురహరి కిటికీలోంచి చూశాడు. లారీ నిండా మిరప చేలల్లో వాడి పారేసిన పురుగుమందు డబ్బాలు.

కాదంటే అన్నకు కోపం, తండ్రికి తలవంపు. ఇంటి పద్ధతిలో చూద్దామని దాటేస్తే అప్పటికి గండం గడుస్తుంది. కానీ అన్న ఇంకో మిషను వెతుక్కుంటాడు. ఆ విషం ఎలాగైనా బిందెల్లోకి చేరుతుంది, ఆ నీళ్లు పసిపిల్లలు తాగుతారు.

"ఏమంటావురా?" అన్నాడు తండ్రి.

"చూద్దాం," అన్నాడు మురహరి.

చక్రపాణి భగ్గుమన్నాడు. "ఆ మాట ఇంట్లోవాళ్ల మీద వాడతావట్రా?"

"వాడటం లేదన్నయ్యా. చూద్దామనే అంటున్నాను. లేవండి."

ముగ్గురూ లారీ దగ్గరికి వెళ్లారు. మురహరి ఒక డబ్బా మూత తీసి, చెంబుడు నీళ్లు పోసి, బాగా కదిపి, గాజు గ్లాసులోకి వంచాడు. నీళ్లు తెల్లగా వచ్చాయి. ఘాటుకు ముగ్గురి కళ్లూ మండాయి. గ్లాసును తన చేతిలోనే గట్టిగా పట్టుకుని తండ్రికి చూపించాడు.

"వీటితో చేసిన బిందెలో నీళ్లు మన ఇంట్లో తాగుదామంటారా నాన్నగారూ? సరేనంటే ఇప్పుడే మిషను వేయిస్తాను."

కోదండపాణి గ్లాసు వైపు చూశాడు. షెడ్డు గుమ్మంలో బిందె పట్టుకుని నాంచారమ్మ ఆయన వైపే చూస్తోంది. చివరికి అన్నాడు.

"వద్దు."

ఆ ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ నోటితో అనని మాట అది. ఆ వెనకే ఇంకో మాట అన్నాడు. "ఇక్కడే కాదు, ఎక్కడా వద్దు. లారీని వెనక్కి పంపించు చక్రం."

చక్రపాణి ఎన్నికల్లో ఓడిపోయాడు. దాచిపెడితే కథ తియ్యగా ఉండును గానీ, ఓడిపోయాడు. తమ్ముడితో చాన్నాళ్లు మాట్లాడలేదు. మురహరి బిందెలకు మాత్రం చుట్టుపక్కల ఊళ్లలో మంచి పేరు వచ్చింది. సంతలో ఆడవాళ్లు అడుగు తట్టి చూడకుండా కొన్న బిందె అదొక్కటే.

పదవి పోయాక వరండా ఖాళీ అయింది. ఒక ఉదయం నాంచారమ్మ ఒక్కతే వచ్చింది, కొళాయి కోసం పెట్టిన పాత అర్జీతో. కోదండపాణి అలవాటు చొప్పున "చూద్దాం" అన్నాడు. ఆమె వెనుదిరిగింది. ఇంతలో వెనక ఆయన చేతికర్ర చప్పుడు వినిపించింది.

"ఎక్కడికి బాబుగారూ?"

"చూద్దామన్నాను కదమ్మా. కొళాయి గొట్టం ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చూపించు, పద."

చూశాడు. చూసి, ఆ అర్జీ పట్టుకుని నీళ్ల శాఖ ఆఫీసు బెంచీ మీద మూడు వారాలు కూర్చున్నాడు. లోపలి అధికారి "చూద్దాం సార్" అన్నప్పుడల్లా, "రండి, ఇప్పుడే చూద్దాం," అని లేచి నిలబడ్డాడు. నాలుగో వారంలో ఆ వీధికి నీళ్లు వచ్చాయి. మొదటి బిందె నాంచారమ్మ పట్టింది.

కాబట్టి పిల్లలూ, "కాదు" అన్న మాట ఒక్క రోజు నొప్పిస్తుంది, లేచి నడవని "చూద్దాం" మూడు తరాలను నొప్పిస్తుంది.