మొదటి గేరు

అసదుల్లాకు కోపం వచ్చింది. ఎవరి మీదంటే, కొడుకును పోగొట్టుకున్న సొంత అన్న మీద. అలాంటి కోపం పైకి చెప్పుకుంటే నలుగురూ ఏమనుకుంటారో అని కొన్నాళ్ళు మింగాడు. చివరికి ఒకరోజు ఉదయం నమాజు అయ్యాక, అందరూ లేచి వెళ్ళేదాకా ఆగి, గురువు పీర్ కమాలుద్దీన్ ముందు కూర్చుని కక్కేశాడు.

"వెళ్ళిన ప్రతిసారీ గోడతో మాట్లాడినట్టే ఉంది, పీర్ సాహెబ్. ఓర్పు గురించి చెప్పాను. ఇచ్చినవాడే తీసుకున్నాడని చెప్పాను. పిల్లవాడు మంచి చోటే ఉన్నాడని చెప్పాను. మొన్న నోరు తెరిచాడు. తెరిచి, 'ఇంక నువ్వు రాకు' అన్నాడు. కొడుకు పోయాక ఆ మనిషి నోటి నుంచి వచ్చిన మాట అదొక్కటే."

కాశ్మీరు కొండల్లో ఉన్న ఆ సూఫీ మఠంలో అసదుల్లాకు రెండు పనులు. ఒకటి, మఠం జీపు నడపడం. రెండు, శుక్రవారాలు వచ్చినవాళ్ళకు నాలుగు మంచి మాటలు చెప్పడం. నాలుగు అన్నది మాటవరసకే. మొదలుపెడితే అవతలివాళ్ళ కళ్ళు తడిసేదాకా వదిలేవాడు కాదు. గడ్డాలు నెరిసినవాళ్ళు కూడా అతని ముందు వెక్కివెక్కి ఏడ్చి, బరువు దింపుకుని వెళ్ళేవాళ్ళు. అలాంటి నోటికి సొంత అన్న దగ్గర విలువ లేకుండా పోయింది.

అన్న పేరు సుభాన్. కింద లోయలో ఇల్లు. సరుకుల లారీ నడిపేవాడు. అసదుల్లాకు స్టీరింగు పట్టుకోవడం నేర్పింది అతనే. ఆకులు రాలే కాలంలో చేతికందొచ్చిన ఒక్కగానొక్క కొడుకు మంజూర్ జ్వరంతో మంచానపడి, మళ్ళీ లేవలేదు. అప్పటినుంచి లారీ గుమ్మం ముందు మంచు కింద ఉంది, సుభాన్ కిటికీ దగ్గర ఉన్నాడు. తిండి లేదు, నిద్ర లేదు. వదిన జూనా నిన్న మనిషిచేత కబురు పెట్టింది, 'ఈయన కూడా నాకు దక్కేట్టు లేడు మరిదీ' అని.

పీర్ సాహెబ్ అంతా విన్నారు. ఒక్క సలహా అయినా ఇవ్వలేదు.

"జీపు తియ్యి. పోదాం," అన్నారు.

అసదుల్లాకు లోపల్లోపల సంతోషమే కలిగింది. తన మాట వినని అన్న పీర్ సాహెబ్ మాట వినకపోతాడా అనుకున్నాడు.

మామూలుగా జీపు సిద్ధమై గుమ్మం ముందుకొచ్చాకే పీర్ సాహెబ్ బయటికొచ్చేవారు. ఆ రోజు మాత్రం అసదుల్లా వెనకాలే షెడ్డులోకి వచ్చారు. పొడుగాటి అంగీ లోపల కుంపటి పట్టుకుని, ముందు సీట్లో ఎక్కి కూర్చున్నారు. ఆ కొండల్లో చలికాలం ఎవరికైనా అంతే. వెదురు బుట్టలో చిన్న మట్టికుండ, అందులో నిప్పులు, పొట్టకు ఆనించుకుంటే అదే ప్రాణం.

అసదుల్లా బానెట్టు మీది గోనెపట్టాలు తీసి మడిచాడు. ఇంజను మొదట మొరాయించింది, దగ్గింది, ఆపైన అందుకుంది. అతను క్లచ్ మీంచి కాలు తీసేసి చేతులు ముడుచుకుని కూర్చున్నాడు.

పీర్ సాహెబ్ కాసేపు చూశారు.

"ఇంకా కదలవేం?"

"కాసేపు ఆగాలి."

ఇంకాసేపు చూశారు. ముందున్న అద్దపు బిళ్ళలో ముల్లు మెల్లగా లేచి మధ్యకొచ్చింది.

"వేడెక్కిందిగా. పోనివ్వు మరి," అంటూ ఆయన చెయ్యి చాచి గేరు రాడ్డు పట్టుకుని ఒక్క తోపు తోశారు.

జీపు కడుపులోంచి కర్రుమని చప్పుడొచ్చింది. ఇనుము ఇనుమును కొరికిన చప్పుడు. అసదుల్లా గురువు చేతిని పట్టుకుని పక్కకు తీసేశాడు. ఇన్నేళ్ళుగా కళ్ళకు అద్దుకున్న చెయ్యి అది. అలా విసురుగా పట్టుకున్నందుకు వెంటనే సిగ్గుపడ్డాడు. కానీ నోరు ఆగలేదు.

"ఏం చేస్తున్నారు పీర్ సాహెబ్? దీని పళ్ళు రాలిపోతాయి."

"ముల్లు మధ్యకొచ్చిందిగా?"

"ఆ ముల్లు ఇంజనుది. గేరు పెట్టెకు ముల్లుండదు."

"మరి అది వేడెక్కిందో లేదో నీకెలా తెలుస్తుంది?"

"రాడ్డు మీద చెయ్యి వేస్తే తెలుస్తుంది. బిగుసుకుని ఉంటే ఇంకా కాలేదన్నమాట. ఈ చలికి లోపలి ఆయిల్ నెయ్యిలా పేరుకుపోతుంది. ఇంజను ఎంత వేడిగా ఉన్నా ఆ వేడి దానికి వెంటనే అందదు."

"అందాకా ఏం చేస్తావు?"

"ఏమీ చెయ్యను. కాలు తీసేసి కూర్చుంటాను. లోపల చక్రాలు వాటంతట అవే తిరుగుతూ ఆయిల్‌ను కలియబెడతాయి. అదే పల్చబడుతుంది. తొందరపడి తోస్తే గేరు పడదు సరికదా, పెట్టె పాడవుతుంది. కొత్తలో నేను ఒకటి పాడుచేశాను కూడా."

పీర్ సాహెబ్ కొత్త పాఠం విన్న బడిపిల్లాడిలా తలూపారు. చేతిని బుద్ధిగా అంగీలోకి లాక్కున్నారు.

కాసేపటికి రాడ్డు వదులైంది, మొదటి గేరు పడింది. జీపు షెడ్డు దాటింది. మంచు కప్పిన దారి మీద నడిచే మనిషి కూడా దాటిపోయేంత మెల్లగా దిగుతున్నారు.

"ఇంకో గేరు వెయ్యవా?"

"వంతెన దాటాక. బయలుదేరినంత మాత్రాన అయిపోదు పీర్ సాహెబ్. మొదట్లో కాసేపు దాని ఓపికను బట్టే మనం పోవాలి."

ఆ మాట అన్నాక అసదుల్లా ఎందుకో ఇంకేమీ మాట్లాడలేదు. అంతసేపు అతను నోరు మూసుకుని బండి నడపడం ఆయన ఎప్పుడూ చూడలేదు.

అన్న ఇంటి ముందు జీపు ఆగింది. లారీ మీద మంచు మోకాలెత్తు పేరుకుంది. అసదుల్లా దిగి, గురువు దిగడానికి చెయ్యి అందించాడు. ఆయన దిగలేదు.

"నువ్వెళ్ళు."

"మీరు రాకపోతే ఎలా? నేను అన్నకు ఏం చెప్పను? చెప్పాల్సినవన్నీ చెప్పేశాను."

పీర్ సాహెబ్ అంగీలోంచి చెయ్యి తీసి గేరు రాడ్డు మీద వేశారు. ఈసారి తోయలేదు. అరచెయ్యి ఆనించి అలాగే ఉంచారు.

అసదుల్లా ఆ చేతిని చూస్తూ మంచులో చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత లోపలికి వెళ్ళాడు.

సుభాన్ కిటికీ దగ్గరే ఉన్నాడు. తమ్ముణ్ణి చూసి మొహం తిప్పుకున్నాడు. చెంపలు లోపలికి పోయాయి. అంగీ భుజాల మీంచి వేలాడుతోంది. ఈ మనిషేనా ఒకప్పుడు బియ్యం బస్తాను ఒంటిచేత్తో లారీలోకి విసిరింది అనుకున్నాడు అసదుల్లా. ఇన్నిసార్లు వచ్చి కూడా అన్న మొహం సరిగ్గా చూసింది ఇప్పుడే.

ఓర్పు గురించిన మాట అలవాటుగా నాలుక మీదికి వచ్చింది. చక్కటి మాట. పెద్దలు చెప్పిందే. దాన్ని మింగేసి, అన్న పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

ఓదార్చడానికి మాటలు తప్ప వేరే దారి తెలియనివాడికి ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో చెప్పనలవి కాదు. అసదుల్లా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థపడ్డాడు. రెండుమూడుసార్లు గొంతు సవరించుకుని ఊరుకున్నాడు. జూనా ఆ కొండల్లో అందరూ తాగే ఉప్పు చాయ్ తెచ్చి ఇద్దరి ముందూ పెట్టి వెళ్ళింది. అది చల్లారి మీగడ కట్టింది. ఇంటి కప్పు మీంచి మంచు పెళ్ళ జారి వాకిట్లో పడింది.

"జీపులో వచ్చావా?" అన్నాడు సుభాన్, కిటికీ వైపే చూస్తూ.

"అవునన్నా."

"ఈ చలికి గేరు పడుతోందా?"

"పొద్దున కాసేపు ఆపాల్సి వస్తోంది."

సుభాన్ తలూపాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాడు అసదుల్లా. పొయ్యిలో కట్టె చిటపటలాడి చల్లారింది.

"మంజూర్ ఆగేవాడు కాదు," అన్నాడు సుభాన్.

తలుపు దగ్గర జూనా చేతిలో చెంబుతో ఆగిపోయింది. ఆ పేరు భర్త నోట విని ఎన్ని రోజులైందో.

ఇన్నాళ్ళుగా అసదుల్లా చెబుతూ వచ్చిన మాటలన్నింటికీ ఇదే అదును. ఒక్కటీ వాడలేదు. "ఆగేవాడు కాదన్నా," అన్నాడు.

"తొందర వెధవకి. పొద్దున్నే లారీ ఎక్కడం, కర్రుమని గేరు తొయ్యడం. వీధంతా వినపడేది. నేను ఇక్కణ్ణించే, ఈ కిటికీలోంచే తిట్టేవాణ్ణి. ఇప్పుడు రోజూ పొద్దున లేచి ఇక్కడ కూర్చుంటున్నాను. ఆ చప్పుడు వినపడుతుందేమోనని."

అంతే. సుభాన్ ఒళ్ళంతా కదిలిపోయేలా ఏడ్చాడు. జూనా గడప మీదే కూలబడి ముసుగు కొంగు నోట్లో కుక్కుకుంది. అసదుల్లా వాళ్ళను ఓదార్చలేదు. అన్న భుజానికి భుజం ఆనించి తనూ ఏడ్చాడు. మంజూర్ పోయిన రోజున కూడా అతను ఏడవలేదు. ఆ రోజు వచ్చినవాళ్ళకు మంచి మాటలు చెప్పే పనిలో ఉన్నాడు.

చాలాసేపటికి సుభాన్ అంగీలోంచి కుంపటి బయటికి తీసి ఇద్దరి మధ్యా పెట్టాడు. అసదుల్లా దాని మీద చేతులు చాపాడు.

"చాయ్ చల్లారిపోయింది. వేరేది పెట్టు," అన్నాడు సుభాన్ భార్యతో.

అసదుల్లా బయటికొచ్చేసరికి పీర్ సాహెబ్ చలికి ముడుచుకుపోయి ఉన్నారు. కుంపటిలో నిప్పులు బూడిదయ్యాయి. అయినా తొందరపెట్టలేదు. అసదుల్లా ఇంజను స్టార్టు చేసి, కాలు తీసేసి కూర్చున్నాడు.

"గేరు పడిందా?" అన్నారు పీర్ సాహెబ్.

అసదుల్లా రాడ్డు వైపు చెయ్యి చాపబోయి ఆగాడు. తిరిగి ఇంటి కిటికీ వైపు చూశాడు. అన్న ఇప్పుడు అక్కడ లేడు. పొయ్యి దగ్గర వదిన పక్కన కూర్చున్నాడు.

"మొదటిదే పడింది, పీర్ సాహెబ్."

"ఇవాళ్టికి అందులోనే పోనివ్వు."