చేతినువ్వులమ్మ

రాళ్లపాయ గుట్ట దిగువన, వాగు ఒడ్డున ఉన్న చేతినువ్వులమ్మ గుడి చాలా చిన్నది. గోపురం లేదు. నాపరాళ్ల గోడలు, రాతి కప్పు, ముందు వరుసగా కొన్ని రోళ్లు. లోపల అమ్మవారికి ముఖం లేదు. నేలలోంచి లేచిన ఒక రాయి, దానికి ముందుకు చాపిన అరచెయ్యి, అంతే. నూనె జిడ్డుకు ఆ అరచెయ్యి నల్లగా నిగనిగలాడుతుంటుంది. గడప పక్కన ఒక పలక బండ ఉంది. దాని మీద ఎవరూ ఏమీ పెట్టరు, పూలు కూడా.

కొత్తగా వచ్చిన భక్తులు సాధారణంగా రెండు సంగతులు అడుగుతారు. ఇక్కడ నైవేద్యానికి నువ్వులను వేయించకుండా పచ్చివే ఎందుకు దంచుతారు? ఉప్పు, నువ్వులు చేతి నుంచి చేతికి అందుకుంటే ఇద్దరికీ పడదని అంతటా కింద పెట్టి తీసుకుంటారు కదా, ఇక్కడ మాత్రం చేతికే ఎందుకిస్తారు? రెంటికీ జవాబు ఒక తల్లి కథలో ఉంది.

పూర్వం ఇక్కడ సుంకమ్మ అనే ఆమె నువ్వు చేను చేసుకుని బతికేది. భర్త లేడు. ఒక్కతే కూతురు, తిప్పక్క. ఇద్దరిదీ ఒకటే నోరు, ఒకటే పంతం. తిప్పక్క కాపురానికి వెళ్లేనాడు బండి ఎక్కుతూ కాస్త ఉప్పు అడిగితే, తొందరలో సుంకమ్మ చేతికే ఇచ్చింది. ఆ వచ్చిన పండుగకే బర్రె దూడ దగ్గర మాటా మాటా పెరిగి రాకపోకలు నిలిచిపోయాయి. దూడ ఒక సాకు మాత్రమేనని, చేతికిచ్చిన ఉప్పే తమను విడదీసిందని సుంకమ్మ గట్టిగా నమ్మింది. తన చేతిని తానే తిట్టుకునేది.

తిప్పక్కకు నెలలు నిండాక అల్లుడు ఓబన్న ఆమెను తెచ్చి పుట్టింటి ముందు దించాడు. లోపలికి రాకుండా నిలబడి, ఉండమంటావా పొమ్మంటావా అని తిప్పక్క అడిగిందట. కడుపుతో ఉన్నదానివి ఎండలో నిలబడి అడిగే మాటేనా అని తల్లి కసురుకుందట. పోట్లాట అంతటితో తీరిపోయింది.

ఆ వేసవిలో ఊళ్లో అమ్మవారు పోసింది, మశూచి ఇంటింటా పాకింది. ఊరికి ఎడంగా ఉంటుందని సుంకమ్మ చేనిగట్టునే పురిటి పాక వేయించింది. తిప్పక్క ఆడపిల్లను కన్నది. బిడ్డ బాగుంది. తల్లికే నెత్తురు పోవడం ఆగలేదు. గంజి సహించలేదు. ఏం తినబుద్ధవుతుందని అడిగితే, నువ్వుల ముద్ద అంది.

అమ్మవారు ఊళ్లో ఉన్నన్నాళ్లు ఏ పొయ్యి మీదా గింజ వేయించరాదు. అందుకని సుంకమ్మ పచ్చి నువ్వులనే నానబెట్టి, గోనెపట్టా మీద రుద్ది పొట్టు తీసి, కడిగి నీడన ఆరబెట్టింది. వేయించినవైతే రోటిలో ఇట్టే నలుగుతాయి. పచ్చివి అలా లొంగవు, రోకటి పోటుకు ఎగిరిపడతాయి. వాటిని లోపలికి తోసుకుంటూ, చుక్క నీరు తగలనివ్వకుండా దంచింది. నువ్వులు ముందు పొడి అయ్యాయి, ఆ పొడి రోటి గోడలకు అంటుకుంది, చాలాసేపటికి నూనె విడిచి ముద్ద కట్టింది. ఇంట్లో బెల్లం లేదు. తింటే నాలుక చివర కాస్త చేదు తగులుతుంది.

ముద్దను మోదుగాకులో పెట్టుకుని పాకకు వచ్చింది. లోపలి నేల అప్పుడే అలికి ఉంది. గడప పక్కనున్న బండ మీద ఆకు పెట్టి, తీసుకో అంది. తిప్పక్క మంచం మీద నుంచే చెయ్యి చాపింది.

"లేవలేనుమా. చేతిలో పెట్టు."

"నువ్వులు చేతికిస్తే మన ఇద్దరికీ పడదే."

"ఇప్పుడు మాత్రం పడి చచ్చిందా?" అని తిప్పక్క నవ్వింది.

సుంకమ్మకూ నవ్వొచ్చింది. అయినా ఇవ్వలేదు. మళ్లీ దక్కిన కూతుర్ని మరోసారి పోగొట్టుకోకూడదని ఆమె భయం. నాలుగడుగులు వేస్తేగానీ ఒళ్లు స్వాధీనంలోకి రాదని మంత్రసాని చెప్పిన మాట కూడా గుర్తొచ్చింది. మొండిది, తనే లేస్తుందిలే అనుకుంది. బిడ్డను చంకనేసుకుని నీళ్లకు వెళ్లింది. ఎండల్లో వాగు చెలమ ఊరేసరికి ఆలస్యమైంది.

తిరిగి వచ్చేసరికి తిప్పక్క మంచం మీద లేదు. అలికిన నేల మీద పాకిన జాడ ఉంది. ఆకుకు జానెడు ఇవతల చెయ్యి ఆగిపోయి ఉంది. ముద్దకు చీమలు పట్టాయి.

సుంకమ్మ చీమలు దులిపి, ఆ ముద్దను కూతురి చేతిలో పెట్టి వేళ్లు మూసింది. తీయబోయిన వాళ్లను తీయనివ్వలేదు. అలాగే మట్టి చేశారు. అది తిన్నా బతికేది కాదని మంత్రసాని చెప్పింది. సుంకమ్మ కాదనలేదు. "చెయ్యి చాపింది, నేను పెట్టలేదు" అని మాత్రం అంది. ఎవరు ఓదార్చినా అదే మాట.

మనవరాలిని మేకపాలతో సాకింది. మరుసటి ఏడాది నువ్వు చేను పండినా రోకలి ముట్టలేదు. ఒక మధ్యాహ్నం చేలో కునుకు పడితే తిప్పక్క కలలోకి వచ్చింది. అదే చెయ్యి చాపి నిలబడింది.

"ఇంకా భయమేనా మా? పోట్లాడదామన్నా ఇప్పుడు నేనేడున్నాను? పచ్చివే దంచు. బిడ్డకు చేతికియ్యి."

ఆ వానల్లో వాగు పొంగి పాకను ఊడ్చుకుపోయింది. నీరు తీశాక మంచం ఉన్నచోట ఈ రాయి బయటపడింది. అరచెయ్యి ఎవరైనా చెక్కారో, వాగే తొలిచిందో చెప్పగలిగినవారు లేరు. బండ మాత్రం ఉన్నచోటే ఉంది. సుంకమ్మ నువ్వులు దంచి మొదటి ముద్ద ఆ రాతి చేతిలో పెట్టింది, రెండోది మనవరాలి చేతిలో పెట్టింది. బతికున్నంతకాలం ఆ పిల్లకు ఏదీ కింద పెట్టి ఇవ్వలేదట.

నేటికీ వైశాఖంలో కొత్త నువ్వులు ఇల్లు చేరాక వచ్చే మొదటి మంగళవారం ఇక్కడ రోళ్లు మోగుతాయి. నువ్వులకు మంట చూపరు, బెల్లం కలపరు. తల్లి ముద్ద చేసి, "పడకపోయినా సరే, పట్టు" అంటూ కూతురి చేతిలో పెడుతుంది. మాటలు మానుకున్న తల్లీకూతుళ్లు వేర్వేరు బండ్లలో వచ్చి, ఒకే బండిలో తిరిగి వెళ్లడం పూజారులు చూస్తూనే ఉంటారు. పురిటి గండాలు తొలగుతాయని, పుట్టింటి దారి మూసుకుపోదని భక్తుల విశ్వాసం.

కూతురిని పోగొట్టుకున్న తల్లులూ వస్తారు. వారికి వరుస లేదు, ముందుగా లోపలికి పంపుతారు. వారు ముద్దను అమ్మవారి అరచేతిలో పెట్టి, పైన తమ చెయ్యి మూసి నిలబడతారు. వాళ్లంతట వాళ్లు చెయ్యి తీసేదాకా పూజారి గంట కొట్టడు.