ఓదెలు వెల్లకిల దూకిన రోజు

విమలబోధ స్వామి దగ్గరికి ప్రశ్నతో వచ్చినవాళ్లు జవాబుతో తిరిగి వెళ్లడం ఆశ్రమంలో ఉండే మేము తక్కువగా చూశాం. ఎంత పొడుగు ప్రశ్న అయినా మధ్యలో ఆపకుండా వినేవారు. విన్నాక చాలాసార్లు "భోంచేశారా?" అని మాత్రం అడిగేవారు. ఎప్పుడో ఒకసారి తాను కళ్లారా చూసిన సంగతి ఏదైనా చెప్పి ఊరుకునేవారు. దాన్ని జవాబనుకోవాలో, మాట మార్చడమనుకోవాలో వినేవాళ్ల ఇష్టం.

పురుషోత్తం హనుమకొండలో లెక్కల లెక్చరర్. పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగం వదిలి ఆశ్రమంలో ఉండిపోవాలని, స్వామి చేతి మీదుగా దీక్ష తీసుకోవాలని ఆయనకు చాలాకాలంగా ఉంది. ప్రతి వేసవికీ వచ్చేవాడు, సెలవులు అయిపోగానే వెళ్లిపోయేవాడు. అడిగితే "ఇంకా భయంగానే ఉంది, అది పోనివ్వండి" అనేవాడు. ఆ ఏడు కూడా వచ్చాడు. గోదావరి వైపు వరండాలో స్వామి ఎదురుగా కూర్చుని, ఎన్నాళ్లుగానో కూడదీసుకున్నట్టున్న మాట బయటపెట్టాడు.

"స్వామీ, శరణాగతి గురించి చదవాల్సినవన్నీ చదివాను. ఒక్కటి తేలడం లేదు. భయం పోయాక మనిషి శరణంటాడా, భయం ఉండగానే అనాలా? లోపల భయం పెట్టుకుని పైకి శరణంటే అది అబద్ధం కాదా?"

"నువ్వెప్పుడైనా హైజంప్ చూశావా?" అన్నారు స్వామి.

పురుషోత్తం తెల్లబోయాడు. చూడలేదన్నాడు. నిరుడు చలికాలం దాకా తానూ చూడలేదని చెప్పి, స్వామి ఈ సంగతి మొదలుపెట్టారు.

నది అవతల బొగ్గుగనుల ఊళ్లో ఏటా ఆటల పోటీలు జరుగుతాయి. పిల్లలు, పెద్దలు అని లేకుండా ఎవరైనా పేరు ఇచ్చుకోవచ్చు. బహుమతులు ఇవ్వడానికి పిలిచిన పెద్దమనిషికి ఆఖరి నిమిషంలో వీలుపడక, నిర్వాహకుడు పోశం ఆశ్రమానికి వచ్చి స్వామిని బతిమాలాడు. పోశం గనిలో పనిచేసి రిటైరైనవాడు. "మీరు ఏం మాట్లాడనక్కర లేదు స్వామీ, కుర్చీల కూసుంటె చాలు" అన్నాడు. ఆ షరతు నచ్చి స్వామి వెళ్లారు.

ఆయన్ను కూర్చోబెట్టిన చోటుకు ఎదురుగానే హైజంప్ జరుగుతోంది. రెండు స్తంభాల మధ్య సన్నని బార్, దాని వెనక మందపాటి నీలం పరుపు. పేర్లు ఇచ్చినవాళ్లు తక్కువ కావడంతో ఆడపిల్లలనూ, నలభై దాటిన మగవాళ్లనూ ఒకే బార్ దగ్గర దూకిస్తున్నారు. బహుమతులు మాత్రం ఎవరివి వాళ్లకే. తక్కిన తండ్రులు నీళ్ల సీసాలు పట్టుకుని గోడ నీడన కూర్చుంటే, ఒక తండ్రి మాత్రం బనియను మీద నంబరు గుచ్చుకుని కూతురి పక్కన లైన్లో నిలబడ్డాడు. ఆయన పేరు ఓదెలు. గనిలో కప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టే పని ఆయనది. కూతురు రవళి ఇంటర్ చదువుతోంది.

"ఎప్పుడూ ఇద్దరూ కలిసే దుంకుతరు స్వామీ," అని పోశం చెప్పాడు. రవళి చిన్నప్పుడు మొదటిసారి కరీంనగర్ పోటీలకు వెళ్లి, అంతమంది మధ్య ఒక్కతీ నిలబడలేక ఏడ్చిందట. ఓదెలు అప్పటికప్పుడు తన పేరూ రాయించాడట. బడిలో చదివే రోజుల్లో ఇసుక గుంటలో దూకిన మనిషి. అప్పటి నుంచి ఏ ఊళ్లో పోటీ జరిగినా ఇద్దరూ ఒకే బస్సులో, ఒకే టిఫిన్ డబ్బాతో వెళ్లేవాళ్లు. దూకే తీరు మాత్రం వేరు. తండ్రిది పాత పద్ధతి. బార్‌ను చూస్తూ పరుగెత్తి, ఒక కాలి తర్వాత ఇంకో కాలు దాటించి, నిలబడినట్టే దిగుతాడు. కూతురిది ఇప్పటి పద్ధతి. వంపుగా పరుగెత్తి వచ్చి, బార్ దగ్గర ఒళ్లు తిప్పేసి, దానికి వీపు పెట్టి గాల్లో వెల్లకిల అవుతుంది. దాటేటప్పుడు బార్ కనబడదు. కనబడేది ఆకాశమే. పరుపు మీద వీపుతో పడ్డాకే తల ఎత్తి, బార్ ఉందో పడిందో చూసుకోవాలి.

ఆ రోజు మాత్రం రవళి కూడా తండ్రిలాగే కాళ్లు దాటిస్తూ దూకుతోంది. స్వామికి తేడా తెలియలేదు. పోశమే చెప్పాడు. దసరా సెలవుల్లో ప్రాక్టీసు చేస్తూ ఆ పిల్ల పరుపు అంచు మీద తలకిందులుగా పడింది. మెడ పట్టేసి నెల రోజులు పట్టీతో తిరిగింది. మెడ బాగైంది గాని, అప్పటి నుంచి బార్ దాకా వచ్చి తిరగబోయే చోట కాళ్లు ఆగిపోతున్నాయి. కాళ్లు దాటించే పద్ధతిలో తక్కువ ఎత్తులే దక్కుతాయి. బార్‌ను ఆమె భుజాల మట్టానికి పెంచారు. ఆ ఎత్తు దాటితేనే రాష్ట్ర పోటీలకు పంపుతారు. ఒక్కొక్కరికి మూడు అవకాశాలు.

ఓదెలు రెండుసార్లు దూకి రెండుసార్లూ మడమతో బార్‌ను పడేశాడు. ఆయన తర్వాత రవళి వంతు. ఈ ఎత్తుకు వెల్లకిల దూకక తప్పదు కాబట్టి వంపుగా పరుగెత్తి వచ్చి, మొదటిసారి బార్ ముందు గోడ తగిలినట్టు ఆగిపోయింది. రెండోసారి ఆగలేక, తిరగలేక, బార్ కిందినుంచి పరుపు మీదికి దూసుకుపోయింది. ఎవరో పిల్లలు నవ్వారు. ఆమె వచ్చి తండ్రి పక్కన కూలబడి తువ్వాలు తల మీద కప్పుకుంది. స్వామికి వాళ్ల మాటలు వినబడుతున్నాయి.

"నాతోని కాదు బాపూ. పేరు తీసెయ్యుమను."

ఓదెలు బార్ వైపు చూశాడు. తర్వాత, "ఏడనుంచి ఉరుకాలె నువ్వు?" అన్నాడు.

రవళి తువ్వాలు తీసి చూసింది. "ఎందుకు?"

"ఈపారి నీ లెక్క దుంకుత."

"నువ్వా? ఎల్లకిలనా? వద్దు బాపూ!"

ఆ అరుపులో ఉన్నదేమిటో స్వామికి అర్థం కాలేదు. పోశం కుర్చీలోంచి సగం లేచాడు. గొంతు తగ్గించి చెప్పాడు. రవళి పుట్టిన ఏడాది గనిలో కప్పు కూలింది. ఓదెలు వెల్లకిల పడిపోయాడు. ఛాతీకి జానెడు ఎత్తున బండ ఒకటి దిమ్మెల మీద వాలి ఆగింది. పైవాళ్లు తవ్వి బయటికి తీసేదాకా, చీకట్లో ఆ బండ కింద, అది ఎప్పుడు జారుతుందోనని వింటూ పడున్నాడు. దెబ్బలేమీ తగల్లేదు. వారంలో మళ్లీ పనిలోకి దిగాడు. కానీ ఆనాటి నుంచి వీపు ఆనించి పడుకోలేడు. మంగలి కుర్చీ వెనక్కి వంచితే లేచి నిలబడతాడు. పంటి డాక్టరు దగ్గరికి వెళ్లి, కుర్చీ చూసి, నొప్పితోనే ఇంటికొచ్చాడు. "ఇరవై మందిమి కలిసి పనిచేసినం స్వామీ, ఈ సంగతి మీద ఒక్కడు గూడ ఆయన్ని ఆట పట్టియ్యడు," అన్నాడు పోశం.

అక్కడ ఓదెలు కూతురితో, "చెప్పు బిడ్డా. నువ్వు చెప్పకుంటె తెల్వకనే దుంకుత. మెడ ఇరుగుతది," అంటున్నాడు.

రవళి లేచింది. తండ్రి చెయ్యి పట్టుకుని వంపు పొడవునా నడిపించింది. ఎక్కడ మళ్లాలో, ఏ కాలు నేలకు కొట్టాలో, ఏ మోకాలు లేపాలో చూపించింది. ఆయన వయసు మరిచిపోయి చిన్నపిల్లవాడిలా తల ఊపుతున్నాడు. జడ్జి గడియారం చూసి తొందరపెట్టాడు. "బార్ దిక్కు జూడకు బాపూ. లేసినంక తల ఎనుకకు ఏసెయ్. ఇగ గంతే. ఆడనుంచి నువ్వేం చెయ్యకు," అంది.

"ఏం చెయ్యొద్దా?"

"ఏం చెయ్యొద్దు. అదే మోసుకపోతది."

ఓదెలు వెళ్లి నిలబడ్డాడు. కథ ఇక్కడికి వచ్చేసరికి స్వామి తన రెండు చేతులూ ముందుకు చాచి మాకు చూపించారు. "ఇలా వణికాయి ఆయన చేతులు. నేను కూర్చున్న చోటికి కనబడేంతగా. మొహం పాలిపోయింది. నుదుటి మీద చెమట కారి కళ్లలో పడుతుంటే తుడుచుకోవడం కూడా తెలియడం లేదు. ఆయన వద్దనుకుని వెనక్కి వచ్చేస్తాడనే అనుకున్నాను. వస్తే బాగుండునని కూడా అనుకున్నాను."

ఆయన పరుగెత్తాడు. పరుగు అందంగా లేదు. వంపు దగ్గర అడుగు తడబడింది. బార్ ముందుకు వచ్చాక, అన్నేళ్లూ దాన్ని చూస్తూనే దూకిన మనిషి దానికి వీపు తిప్పేశాడు. నేల వదిలేశాడు. మైదానంలో అటు పరుగుపందెం నడుస్తోంది, మైకు మోగుతోంది. అవేవీ తనకు వినబడలేదన్నారు స్వామి. నడివయసు దాటిన ఒక గని కార్మికుడు, నెరిసిన మీసంతో, మట్టి కొట్టుకుపోయిన బనియనుతో, గాల్లో ఆకాశానికి ఎదురుగా పరుచుకుని ఉన్నాడు. చేతులు రెండు పక్కలా విడిపోయి ఉన్నాయి. ఉండేది రెప్పపాటే. "గుళ్లో తలుపులు తీసినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది చూడు, నాకు అలా అయింది. కుర్చీలో కూర్చుని ఉండలేకపోయాను. ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకే తెలియదు."

పిక్క తగిలి బార్ ఎగిరింది. స్తంభాల కొయ్యల మీదే పడి రెండుసార్లు అదిరింది. ఆగింది. ఓదెలు పరుపు మీద వీపుతో పడ్డాడు. లేవలేదు. రవళి పరుగున వెళ్లి పరుపు మీద మోకాళ్లూని ఆయన మొహం మీదికి వంగింది.

"బాపూ! బాపూ, ఏమైంది?"

ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. కూతుర్ని చేత్తో మెల్లగా పక్కకు జరిపాడు, అడ్డంగా ఉన్నదాన్ని జరిపినట్టు. చాలాసేపు పైన ఆకాశాన్నే చూశాడు. బార్ పడిందా అని అడగలేదు.

"పైన ఏం లేదు బిడ్డా," అన్నాడు. "ఉత్త మొగులే. గింత మొగులు."

కనుకొలకుల్లోంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. దాటాడని జడ్జి తెల్లజెండా ఎత్తి పట్టుకుని దింపడం మరిచిపోయాడు. రవళి తండ్రి పక్కన వీపు ఆనించి పడుకుని, ఆయన చూస్తున్న చోటే తానూ చూసింది. జడ్జి ఆ పిల్ల పేరు పిలిచాడు. ఇంకోసారి పిలిస్తే గాని వాళ్లు లేవలేదు.

ఆమె వెళ్లి తన గుర్తు దగ్గర నిలబడింది. తండ్రి ధైర్యం చెప్పలేదు. పరుపు పక్కకు వచ్చి ఊరికే నిలబడ్డాడు. రవళి ఒకసారి ఆయన్ని చూసి పరుగందుకుంది. వంపు తిరిగింది. కాళ్లు ఆగిపోయే చోటు వచ్చింది. అక్కడ పైకి లేచింది. తండ్రిది పడిపోవడానికీ ఎగరడానికీ మధ్యన ఉంటే, కూతురిది నీళ్లలోంచి చేప లేచినట్టు ఉందన్నారు స్వామి. బార్ ఉందన్న సంగతే ఆ పిల్లకు తెలియనట్టుంది. పరుపు మీద పడి, తల ఎత్తి చూడకుండా, కేక వేసి నవ్వింది.

తర్వాతి ఎత్తు ఇద్దరికీ దక్కలేదు. రవళికి రెండో బహుమతి వచ్చింది, రాష్ట్రానికి కూడా పంపారు. అక్కడ ఏ స్థానం వచ్చిందో స్వామి కనుక్కోలేదు. ఓదెలుకు తన వయసు వాళ్లలో మొదటి బహుమతి. పతకం మెడలో వెయ్యడానికి స్వామి ముందుకు వంగితే, ఓదెలు అంతకంటే ముందే ఆయన కాళ్లకు వంగబోయాడు. స్వామి రెండు భుజాలూ పట్టి లేపి, ముందు తాను నమస్కారం చేశారట. ఓదెలు సిగ్గుపడిపోయి, "నాదేం లేదు స్వామీ, మా బిడ్డ నేర్పింది," అన్నాడట.

స్వామి అక్కడితో ఆపారు. పురుషోత్తం తల వంచుకుని, లెక్కలో ఒక మెట్టు జారిపోయినవాడిలా వేళ్లు మడుస్తూ కూర్చున్నాడు. ఎట్టకేలకు అడిగాడు.

"అయితే స్వామీ, నేల వదిలేసే ఆ క్షణానికి ఆయన భయం పోయిందంటారా?"

స్వామి లేచి పైపంచె సర్దుకున్నారు.

"పోవడమేమిటి నాయనా? అదీ ఆయనతోపాటే దాటింది."