రేలచెట్టుకు పూచీ

ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పకుండా పని పురమాయించడం చిదానందయ్య గారి అలవాటు. కొండకింది ఆ ఆశ్రమానికి వేదాంతం వినాలని వచ్చి మట్టి తట్టలు మోసి వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు.

ఒకనాడు ఓబులేసు అనే శిష్యుడు మూట కట్టుకుని మరీ వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు. ఏళ్ల తరబడి చెప్పినట్టే చేస్తున్నాడట. కళ్లు మూసుకుంటే మాత్రం దేవుడికి బదులు ఊళ్లో వదిలొచ్చిన గొర్రెలే కనబడుతున్నాయట. తన వెనక చేరినవాళ్లు అప్పుడే ధ్యానంలో కదలకుండా కూర్చుంటున్నారట.

"నాకీ చదువు అబ్బదు సామీ. ఇంటికి పోయేదా?" అన్నాడు.

గురువుగారు మూట వంక చూసి, ముందు గొడ్డలి తెమ్మన్నారు.

వాకిట్లో ఒక రేలచెట్టు ఉంది. ఓబులేసు వచ్చిన కొత్తలో కొండమీది పొదల్లోంచి మొక్కను తెచ్చి తానే నాటాడు. ఎండలు ముదిరితే కొండమీది రేలలన్నీ పసుపుపచ్చని గుత్తులతో ఊగిపోతాయి. ఇది మాత్రం ఒక్క పువ్వయినా పూసి ఎరగదు. కాయని చింతచెట్టుకు ఆ చుట్టుపక్కల ఊళ్లల్లో ఒక తంతు చేస్తారు. ఒకరు గొడ్డలెత్తి నరుకుతానని బెదిరిస్తే, ఇంకొకరు అడ్డుపడి చెట్టు తరఫున బతిమాలి పూచీ పడతారు. రేలకూ అది చేయించమని గురువమ్మ ఎప్పటినుంచో పోరుతోంది. ఆ రోజుకు ముహూర్తం కుదిరింది.

గొడ్డలి గురువుగారే పట్టారు. బతిమాలే వంతు ఓబులేసుది. ముసలాయన ఆయాసపడుతూ గొడ్డలెత్తడం చూసి అందరూ నవ్వారు, ఓబులేసుకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే వద్దు వద్దని మొదలుపెట్టాడు. తక్కిన చెట్లన్నీ పూస్తుంటే దీన్నెందుకు ఉంచాలని గురువుగారు గద్దించి, నిజంగానే ఒక అడుగు ముందుకేశారు. ఓబులేసు నవ్వు ఆగిపోయింది. పోయి మానును రెండు చేతులా వాటేసుకున్నాడు.

"వద్దు సామీ. కింద అంతా బండ. వేరు దిగేదానికే దాని శక్తంతా పోయింటాది. పూయలేదని పనికిరాదంటే ఎట్లా? ఇంకో ఎండాకాలం చూడండి, నేను పూచీ."

గురువుగారు గొడ్డలి దించారు. ఆయన ముఖం సంతోషంతో వెలిగిపోతోంది. గురువమ్మ అప్పటికే ఓబులేసు మూట అందుకుని లోపలికి నడిచింది.

"సరే, ఉంచుదాం. కానీ పూచీ పడ్డవాడు ఊరు దాటకూడదు" అన్నారు గురువుగారు.