మేదిని తొడల మీది సొట్టలు

అనగనగా, చెరకు తోటలు అయిపోయి వెదురు పొదలు మొదలయ్యే చోట ఒక అడవి ఉండేదట. ఆ అడవిలో పదకొండు ఏనుగుల మంద తిరుగుతుండేది. మందను నడిపించేది తుంగవ్వ. చెవుల అంచులు చిరిగిపోయిన ముసలి ఏనుగు. ఆమె మనవరాలు మేదిని. పదహారేళ్ళ పడుచు ఏనుగు.

మేదినికి తీపంటే ప్రాణం. అడవి అంచున బెల్లం వండే పాక ఒకటి ఉండేది. విరిగిన బెల్లం ముక్కలను, పెనంలో పైకి తేలిన తెట్టును పనివాళ్ళు పాక వెనక గుంటలో పారేసేవాళ్ళు. పక్కనే టీ కొట్టు. ఆ కొట్టువాడు అమ్ముడుపోని బజ్జీలు, ఉప్పు ఉప్పగా ఉండే మిక్చర్ కూడా అదే గుంటలో పోసేవాడు. మధ్యాహ్నం వాళ్ళు అన్నానికి వెళ్ళగానే మేదిని చప్పుడు కాకుండా వచ్చేది. తొండం నిండా తీపి, ఆ వెంటనే తొండం నిండా కారం. కడుపు నిండాక చెట్టు నీడలో పడుకునేది.

"వెదురు తినవే తల్లీ. రావి ఆకులు, మర్రి బెరడు తిను" అనేది తుంగవ్వ.

"ఎవరు నములుతారవ్వా అంత సేపు? దవడలు నొప్పి పుడతాయి" అనేది మేదిని.

అలా రెండు చెరకు కాపులు గడిచాయి. మేదిని బాగా ఒళ్ళు చేసింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఒకరోజు ఏట్లో నీళ్ళు తాగుతుంటే పై కొమ్మ మీద నుంచి కొండిగాడనే కోతి పకపకా నవ్వాడు.

"మేదినక్కా! నీ తొడల మీద బత్తాయి తొక్కలు అతికించుకున్నావా? అన్నీ సొట్టలే!"

మేదిని తిరిగి చూసుకుంది. నిజమే. తొడల మీద, పిరుదుల మీద చర్మం గుంటలు గుంటలుగా ఉంది. ఆమెకు తల తీసేసినట్టయింది. అప్పటి నుంచి అందరితో కలిసి ఏట్లో దిగడం మానేసింది. ఎండ మండిపోతున్నా పొదల చాటున నిలబడి, వాళ్ళ కేరింతలు వింటూ ఉండేది.

మొదట దున్నపోతు కాటమయ్య దగ్గరికి వెళ్ళింది.

"మామా, ఈ సొట్టలు పోయే మార్గం ఏదైనా ఉందా?"

"ఓస్, ఇంతేనా! బురద పట్టించు. నన్ను చూడు, ఒక్క సొట్టైనా కనబడుతోందా?" అన్నాడు కాటమయ్య.

మేదిని మందంగా బురద పూసుకుంది. సాయంత్రం దాకా బాగానే ఉంది. రాత్రి అకాలపు జల్లు పడింది. తెల్లారేసరికి బురద పోయింది, సొట్టలు ఉన్నాయి.

తర్వాత ఎలుగుబంటి బూచమ్మను అడిగింది. "గట్టిగా రుద్దాలే పిల్లా. మద్ది చెట్టుకు రుద్దితే అన్నీ చదునైపోతాయి" అంది బూచమ్మ. మేదిని మూడు రోజులు రుద్దింది. చర్మం గీరుకుపోయి మంట పుట్టింది. సొట్టలు మాత్రం కదల్లేదు.

చివరికి లేడి చిత్రాంగిని అడిగింది. చిత్రాంగి మంచిదే. ఆమెకు తెలిసిందే చెప్పింది.

"నేను పూటకు గుప్పెడు గడ్డి తింటాను మేదినీ. అందుకే ఇలా ఉన్నాను. నువ్వూ అంతే తిను."

లేడి తినే గుప్పెడు గడ్డి ఏనుగుకు ఏ మూలకు సరిపోతుంది చెప్పండి? అయినా మేదిని పట్టు పట్టింది. తిండి మానేసింది. వారం గడిచింది. ఆ వారంలోనే ఏరు ఎండిపోయింది. మంద కొండ దాటి అవతలి వాగుకు పోవాల్సి వచ్చింది. సగం కొండ ఎక్కేసరికి మేదిని కళ్ళు తిరిగాయి. ముందు కాళ్ళు మడతపడ్డాయి. పెద్ద బండలా ధబ్బున కూలిపోయింది.

ఏనుగు పడిపోయి లేవలేకపోతే ఏమవుతుందో మందలో అందరికీ తెలుసు. తుంగవ్వ పరుగున వచ్చింది. దగ్గరలో ఉన్న అడవి అరటి చెట్టును పెకలించి, దాని దవ్వను చీల్చి మేదిని నోట్లో పిండింది. నీళ్ళు గుటక గుటకగా లోపలికి పోయాయి. పెద్దలు నలుగురు రెండు పక్కలా చేరి భుజాలతో ఎత్తారు. చాలాసేపటికి మేదిని నిలబడింది.

"ఎన్నాళ్ళయిందే తిండి తిని?" అడిగింది తుంగవ్వ.

మేదినికి ఏడుపు ఆగలేదు. "సొట్టలు పోతాయనుకున్నానవ్వా. పోలేదు. ముందుకంటే ఎక్కువ కనబడుతున్నాయి."

"కనబడవా మరి! కొవ్వు చర్మం కింద ముద్దలుగా పేరుకుని పైకి తోస్తుంది. చర్మాన్ని పట్టి ఉంచే పోగులు లోపలికి లాగుతాయి. ఆ మధ్యలో పడేదే సొట్ట. తీపి మితిమీరితే కొవ్వు పెరుగుతుంది. ఉప్పు మితిమీరితే ఒంట్లో నీరు నిలిచి ఉబ్బుతుంది. తిండే మానేస్తే కండ కరిగి చర్మం వదులైపోతుంది. వీటన్నిటి వల్లా సొట్టలే లోతవుతాయి."

"అయితే ఏం తింటే పోతాయి?"

తుంగవ్వ మెల్లగా వెనక్కి తిరిగి తన తొడ చూపించింది. ముడతల మధ్య అక్కడక్కడా సొట్టలు.

"నీకూ ఉన్నాయా అవ్వా!"

"మా అమ్మకూ ఉండేవి. నీకు అబద్ధం చెప్పను. పూర్తిగా పోవు. కొన్ని మన పుట్టుకతో వచ్చినవి. ఆ సన్నటి చిత్రాంగికి కూడా బొచ్చు కింద ఉన్నాయేమో, ఎవరు చూశారు? కానీ పీచున్న మేత తిను. నీళ్ళు బాగా తాగు. రోజూ నడువు. చాలావరకు తగ్గుతాయి. తగ్గినా తగ్గకపోయినా కొండ మాత్రం ఎక్కుతావు."

ఆ రోజు నుంచి మేదిని బెల్లం గుంట వైపు పోకూడదనుకుంది. మొదటి మూడు రోజులు తలనొప్పి. వెదురు చప్పగా అనిపించింది. ఐదో రోజు గాలిలో పాకం వాసన కొండ దాటి వచ్చింది. ఉండబట్టలేక వెళ్ళి కడుపు నిండా తినేసింది. తిరిగొచ్చి తుంగవ్వ ముందు తల దించుకుని నిలబడింది.

"మళ్ళీ తిన్నానవ్వా. ఇక నా వల్ల కాదు."

"ఒక్క పూట తిన్నంత మాత్రాన ఏం మునిగిపోలేదు. రేపు పొద్దున వెదురు విరుచుకుందాం, రా" అంది తుంగవ్వ. తిట్టలేదు, నవ్వలేదు.

మర్నాడు మేదిని వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. రావి చిగుళ్ళు, ఈత మొవ్వులు, పచ్చి వెదురు. కాయలు దొరికిన రోజు వెలక్కాయలు. మెల్లమెల్లగా నమిలితే వెదురులో కూడా ఒక తీపి ఉందని ఆమెకు తెలిసింది. రెండు నెలలకు ఆయాసం పోయింది. నాలుగు నెలలకు కాళ్ళలో కండ గట్టిపడింది. వానాకాలం వచ్చేసరికి సొట్టలు సగానికి సగం పూడాయి. మిగిలినవి మిగిలాయి. మేదిని వాటిని లెక్కపెట్టుకోవడం ఎప్పుడో మర్చిపోయింది.

ఆ వానలకు అడవి దారులన్నీ పొదలతో మూసుకుపోయాయి. కొత్త దారి చేసుకుంటూ పోవాలి. తుంగవ్వకు మోకాళ్ళ నొప్పులు. ఆమె మంద వైపు తిరిగి, "మేదినీ, ఈసారి ముందు నువ్వు నడువు" అంది.

మేదిని ఉలిక్కిపడింది. "నేనా? నేను ముందు నడిస్తే అందరూ నా వెనక భాగమే చూస్తూ వస్తారు కదవ్వా!"

"చూస్తారు. దానిని చూసుకునే కదా వాళ్ళు దారి తప్పకుండా వచ్చేది."

మేదిని ఒక్క క్షణం ఆగింది. తర్వాత తొండం ఎత్తి ఘీంకరించి, పొదలను తొక్కుకుంటూ ముందుకు కదిలింది. ఆమె వెనకాల, ఆమె తొడల మీదే కళ్ళు పెట్టుకుని, పది ఏనుగులు వరుసగా నడిచాయి.

నీతి: మంచి తిండి ఒంటి మీది సొట్టలను కొంత తగ్గిస్తుంది, ఒంటిలోని బలాన్ని ఎంతో పెంచుతుంది, సిగ్గుతో కడుపు మాడ్చుకుంటే ఆ రెండూ దక్కవు.