దబ్బనం గుచ్చిన అట్టముక్క

మందాకిని బోర్డు మీద లెక్క తప్పు చేసింది. ఆ తప్పు పట్టుకున్న పిల్లని కూర్చోమంది.

లెక్క చిన్నదే. y = 2x + 1 గీతకి, దాని మీదున్న (2, 5) బిందువు దగ్గర లంబంగా వెళ్లే గీత సమీకరణం కావాలి. గీత వాలు రెండు, అంటే ఒక గడి ముందుకి పోతే రెండు గడులు పైకి. దాన్ని తలకిందులు చేసి అర అంది మందాకిని. y = x/2 + 4 అని రాసి సుద్ద దులుపుకుంది.

షంషాద్ గ్రాఫు కాయితం పట్టుకుని లేచింది. "టీచర్, రెండు గీతలూ పైకే ఎక్కుతున్నాయి. లంబం ఎట్లా అవుతాయి?"

"సూత్రం నీకు తెలుసా, నాకు తెలుసా? కూర్చో."

పదో తరగతి మొత్తం నవ్వింది. షంషాద్ కాయితం మడిచి పుస్తకంలో దాచేసింది.

ఆ మడత మందాకినిని సాయంత్రం దాకా వదల్లేదు. తనకి లెక్కలు నేర్పిన చెన్నకేశవులు మాస్టారింటికి వెళ్లింది. ఆయన బడిపిల్లల చిరిగిన పుస్తకాలకి అట్టలు కుడుతున్నారు. సంగతంతా విన్నారు.

"తప్పెవరిది మాస్టారూ?"

ఆయన మిగిలిన అట్టలోంచి మూడు మూలల ముక్క కత్తిరించారు. అడ్డం ఒక గడి, నిలువు రెండు గడులు. గ్రాఫు పరిచి, ముక్క ఏటవాలు అంచుని y = 2x + 1 గీతకి ఆనించి, (2, 5) దగ్గరున్న కింది మొనలో దబ్బనం గుచ్చారు.

"తిప్పమ్మా. గడియారం ముల్లు తిరిగే వైపు, పావు చుట్టు."

తిప్పింది. అడ్డంగా ఉన్న గడి కిందికి దిగింది. నిలువుగా ఉన్న రెండూ అడ్డం పడ్డాయి.

"ఇప్పుడు చదువు."

"రెండు గడులు ముందుకి, ఒకటి కిందికి." ఆమె గొంతు తగ్గింది. "మైనస్ అర. y = −x/2 + 6."

"ఊఁ."

"రేపు బోర్డు మీద చప్పుడు లేకుండా దిద్దేస్తాను మాస్టారూ. పిల్లలకి నా మీద గురి పోతే మళ్లీ రాదు."

మాస్టారు దబ్బనం పీకి, అట్టముక్కతో సహా ఆమె చేతిలో పెట్టారు.

"ఇవి ఆ పిల్లకివ్వు."

మర్నాడు నలభై మంది ముందు, హాజరు కూడా వెయ్యకముందే, మందాకిని అంది: "నిన్న నేను తప్పు చెప్పాను. షంషాద్ అడిగింది ఒప్పు. రామ్మా, ఈ అట్టముక్క గుచ్చి వీళ్లకి తిప్పి చూపించు."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆ తరవాత ఇంకో పంతొమ్మిదేళ్లు పాఠం చెప్పింది మందాకిని. ప్రశ్న అడిగిన ఏ పిల్లనీ మళ్లీ కూర్చోమనలేదు. బోర్డు దగ్గరికి పిలిచింది.